గంజితో అంటించిన స్టాంపు

పుండుకు ఎండి అతుక్కుపోయిన గాజుగుడ్డ మీద ఉప్పునీళ్లు పోసినప్పుడు ఒక వాసన వస్తుంది. తడిసిన పాత కాగితం వాసనకు అది చాలా దగ్గర. మహబూబ్‌నగర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి డ్రెస్సింగ్ గదిలో ఆ వాసన రోజూ ఉంటుంది. తోటి సిస్టర్లు మాస్కు పైకి లాక్కుంటారు. నేను మాత్రం ఒక్క క్షణం దేవరకొండ వెళ్లిపోతాను. ఒక ఇంటి వరండా, స్టీలు తాంబాళంలో గోరువెచ్చని నీళ్లు, వాటి మీద తేలుతున్న తపాలా స్టాంపులు, పక్కన పట్టకారు పట్టుకుని కూర్చున్న ఒక బక్కపలచని మనిషి కళ్ల ముందుకొస్తారు. మొన్న కాలి పుండుతో వచ్చిన ఒక పెద్దాయన, నేను కట్టు తడిపి పక్కన కూర్చోవడం చూసి విసుక్కున్నాడు. "ఏందమ్మా, నీళ్లు వోసి ఊకె కూసున్నవ్? గుంజెయ్యరాదు?" అన్నాడు. "నాననియ్యి పెద్దయ్యా, అదే ఊడొస్తది" అన్నాను. ఆ మాట నాది కాదు, మార్కండయ్య సార్‌ది.

ఆయన మీకు తెలిసే అవకాశం లేదు. ఆయన పేరు ఏ పేపర్లోనూ పడలేదు, ఏ సభలోనూ ఆయనకు శాలువా కప్పలేదు. దేవరకొండలో బడిపిల్లలకు బొమ్మలు గీయడం నేర్పి రిటైరైన డ్రాయింగ్ సార్. తెలంగాణ వచ్చిన కొత్తలో నర్సు ఉద్యోగంలో చేరి నేను ఆ ఊరు వచ్చినప్పుడు ఆయన ఇంటి ముందుగది కిరాయికి తీసుకున్నాను. మాది కోస్గి దగ్గర పల్లె. వానొస్తే జొన్న, కంది, రాకపోతే మబ్బుల వైపు చూపు. ఇల్లు వదిలి ఒక్కదాన్నే ఉండటం నాకు అదే మొదటిసారి. సార్‌కూ ఆయన భార్య సుగుణమ్మకూ పిల్లలు లేరు. ఆమెను నేను పెద్దమ్మా అనేదాన్ని. బొమ్మలు గీసే మనిషి నెమ్మదస్తుడై ఉంటాడని అనుకున్నాను. ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. నా కోపమూ అక్కడే ఉండేది కాబట్టి మొదటి వారంలోనే ఇద్దరికీ చెడింది.

చెడింది ఒక కవరు దగ్గర. మా నాయిన నా సర్టిఫికెట్ల నకళ్లు కోస్గి నుంచి పోస్టులో పంపాడు. డ్యూటీకి టైమవుతోంది, వరండాలో నిలబడి కవరు మూల పట్టుకుని చర్రున చింపాను. ఆ మూలనే స్టాంపు ఉంది. లోపలి నుంచి ఎవరో చెంప మీద కొట్టినట్టు ఒక కేక వినబడింది.

"ఆగు, ఆగు! ఏం జేస్తున్నవమ్మా?"

"కవరు తెరుస్తున్న సార్."

"తెరుసుడా అది? కోడి బొచ్చు పీకినట్టు పీకుతున్నవ్. నర్సమ్మవు గదా, చేతులు గింత మొద్దుగుంటే రోగుల గతేంది?"

నాకు ఒళ్లు మండింది. నా కవరు నా ఇష్టం అన్నాను. సుగుణమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "వచ్చి నాలుగు దినాలు గాలే, పిల్లను బెదరగొడ్తున్నవా? ఖాళీ జేసి పోతే గా గదిల నీ కవర్లను కిరాయికి పెట్టుకుంటవా?" అంది. సార్ వరండాలోకి వచ్చారు. కింద పడిన ముక్క తీసుకుని, సగానికి చిరిగిన స్టాంపును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. బడిలో దెబ్బ తగిలించుకున్న పిల్లవాడిని చూసినట్టు చూశారు. ఆ రోజంతా డ్యూటీలో నాకు ఆ చూపే గుర్తొచ్చింది. మరునాడు ఆసుపత్రి ఆఫీసు చెత్తబుట్టలో పడ్డ పాత కవర్లు కొన్ని ఏరుకొచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన నాకు పీట వేశారు.

అలా మొదలైంది. డ్యూటీ లేని ఆదివారం పొద్దున మేమిద్దరం తాంబాళం ముందు కూర్చునేవాళ్లం. స్టాంపు చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించాలి. బొమ్మ పైకి ఉండేలా నీళ్ల మీద వదలాలి. తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవాలి. నాకు చేతకానిది ఆ చివరిదే. మాటిమాటికీ వేలితో కదిపి చూసేదాన్ని. సార్ నా చేతి మీద పట్టకారుతో ఒక్కటి అంటించేవారు. "నాననియ్యి. అదే ఊడొస్తది. ఇంకో సంగతి యాదిపెట్టుకో. కాగితం మీంచి స్టాంపును పీకొద్దు. స్టాంపు మీంచి కాగితాన్ని పీకాలె" అనేవారు. రెండూ ఒకటే కదా అంటే, ఒక స్టాంపును నా పద్ధతిలో, ఇంకోదాన్ని ఆయన పద్ధతిలో తీసి చూపించారు. నాది వంకర తిరిగి మధ్యలో పలచబడింది. ఆయనది దుకాణంలోంచి తెచ్చినట్టు ఉంది.

కానీ నానబెట్టడం కన్నా ముందు ఇంకో పని ఉండేది. అది పంచాయితీ. ప్రతి కవరునూ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "చెప్పు. తియ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగేవారు. తేదీ ముద్ర అలుక్కుపోతే, కవరు నలిగి చినిగితే, తీసెయ్యొచ్చు. ముద్ర స్పష్టంగా పడి, ఎక్కడి నుంచి బయలుదేరిందో ఎక్కడికి చేరిందో కవరు చెబుతుంటే, స్టాంపు ఎంత బాగున్నా ముట్టుకోవద్దు. ఒకసారి యాదగిరిగుట్ట నుంచి ఎవరో మొక్కు ప్రసాదం పంపిన కవరు వచ్చింది. దాని మీద స్టాంపు సార్ ఆల్బంలో లేనిది. నేను తీసేద్దామన్నాను. "ముద్ర సూడు, గుట్ట పేరు ఎంత సక్కగ పడ్డదో. తీస్తే ఇది ఉత్త బొమ్మ. గీ కవరు మీదున్నంతసేపే దీనికో ఊరున్నది" అన్నారు. నేను ఊరుకోలేదు. దాచుకోవడం ఆల్బం కోసమా, ఊళ్ల పేర్ల కోసమా అని వాదించాను. ఆయన కోప్పడతారనుకున్నాను గాని, చాలా సంతోషపడ్డారు. ఏదో ఒకటి చేసెయ్యండి సార్ అని ఎవరైనా అంటే మాత్రం ఆయనకు నచ్చేది కాదు. తీయమన్నా ఉంచమన్నా ఎందుకో చెప్పాలి. ఆసుపత్రిలో అంతా గబగబా తేల్చే నాకు, ఒక చిన్న కాగితం ముందు కూడా ఆగి ఆలోచించవచ్చని ఆ వరండాలోనే తెలిసింది.

నా చేతులు మారాయని మొదట నాకు చెప్పింది ఒక రోగి. పత్తిచేనులో కాలు తెగిన ఒక గిరిజన తండా మనిషి కట్టు మార్పించుకోవడానికి వచ్చేవాడు. నన్ను చూస్తేనే మొహం తిప్పుకునేవాడు. కట్టు తడపాలని నర్సింగ్ బడిలో మాకూ నేర్పారు, కాని వరసలో అంతమంది నిలబడి ఉంటే తడిపి ఎదురుచూసే ఓపిక నాకేది? ఒక సోమవారం, ముందురోజు తాంబాళం ఇంకా నా ముందే ఉన్నట్టు అనిపించింది. ఉప్పునీళ్లు పోసి పక్కన కూర్చున్నాను. గుడ్డ అంచు తనంతట తాను లేచాక మెల్లగా తీశాను. "అయిపోయిందా?" అని అతను కళ్లు తెరిచి అడిగాడు. సాయంత్రం ఆ ముచ్చట చెబితే సార్ పెద్దగా నవ్వి, లోపలికి చూస్తూ, "ఇన్నవా? నా తాంబాళం సర్కారు దవాఖానకు పోయింది" అని కేక వేశారు. "గట్లయితే నా తాంబాళం నాకియ్యి, బియ్యం ఏరుకోవాలె" అంది సుగుణమ్మ.

ఆయన పద్ధతులన్నీ తారుమారయ్యేది ఏడాదికి ఒక్క కవరు దగ్గరే. అది రాఖీ పున్నమికి ముందు బొంబాయి దగ్గరి భివండి నుంచి వచ్చేది. పంపేది ఆయన చెల్లెలు యాదమ్మ. సార్‌ది నేత కుటుంబం. చిన్నప్పుడు ఇంట్లో మగ్గం ఉండేది. అన్న బడికి పోతే చెల్లె మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమెకు చదువు అబ్బలేదని సార్ అనేవారు. అబ్బకపోవడం కాదు, పంపలేదని సుగుణమ్మ అనేది. అప్పుడు సార్ మాట మార్చేవారు. యాదమ్మకు పెళ్లయి, భర్తతో పాటు సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే పనికి భివండి పోయి అక్కడే ఉండిపోయింది. రైలెక్కి ప్రతి ఏడూ రావడం ఆమె వల్ల అయ్యేది కాదు. అందుకే రాఖీ పోస్టులో వచ్చేది. కవరులో రాఖీ, పొట్లం కట్టిన కుంకుమ, అక్షింతలు, నోరు తీపి చేసుకోవడానికి ఒక పటికబెల్లం పలుకు. ఆమెకు రాయడం రాదు కాబట్టి చిట్టీ ఉండేది కాదు. పై చిరునామా పక్కింటి పిల్లలెవరో రాసేవాళ్లు, ఏడాదికో చేతిరాత. స్టాంపు అంటించడం మాత్రం ఆమే చేసేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదట. అన్నకు బొమ్మలున్న స్టాంపులంటే పిచ్చి అని తెలుసు గనుక, పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి ఉన్నవన్నీ తిప్పించి చూసి ఏరుకునేదట.

అంటించడానికి ఆమె వాడేది గంజి. స్టాంపు వెనక జిగురు ఉంటుంది, కాస్త తడి తగిలితే చాలు. యాదమ్మ ఆ జిగురును నమ్మేది కాదు. చిక్కటి గంజి వేలితో దట్టంగా పూసి అదిమేది. ఆ స్టాంపులు నానడానికి పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటేది, నీళ్లు పాలలాగా అయ్యేవి. సార్ ప్రతి ఏడూ ఫోనులో ఆమె మీద విరుచుకుపడేవారు. స్పీకరు పెట్టి మాట్లాడటం వల్ల ఆ తగవు ఇంటిల్లిపాదికీ వినబడేది.

"మల్ల గంజి వెట్టినవా? వాళ్లు జిగురు పూసే ఇస్తరే పిచ్చిదానా. గంజి ఉంటే పురుగు పడ్తది, కాగితం తింటది."

"గా జిగురుకు పట్టేడిదన్నా? తొవ్వల ఊడిపోతే రాఖీ నీకు చేరుతదా? నాయిన పడుగు నూలుకు పెట్టిన గంజి ఎన్నడన్న ఇడిసిందా చెప్పు."

"బట్ట వేరు, కవరు వేరు."

"నీకు చదువొచ్చు, నాకు గంజి ఒచ్చు. ఇగ ఊకో. సునీత ఉన్నదా ఆడ? రాఖీ కట్టమను."

సునీతను నేనే. ఆమె తరఫున సార్ చేతికి రాఖీ కట్టే పని నాది. కడుతున్నంతసేపూ అటు నుంచి "కట్టినవా బిడ్డా? గట్టిగ కట్టినవా?" అని అడుగుతూనే ఉండేది. గట్టిగ కట్టిన అత్తమ్మా అని నేను చెప్పేదాకా ఫోను పెట్టేది కాదు. ఆమెను నేను ఒక్కసారి కూడా కలవలేదు. ఆ గొంతు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

సార్ ఆల్బంలో ఒక పేజీ ఎప్పుడూ అసంపూర్తిగా ఉండేది. నాలుగు తీర్ల చేనేత బట్టల బొమ్మలతో వచ్చిన నాలుగు స్టాంపుల వరస అది. మూడు ఉన్నాయి, నాలుగో జాగా ఖాళీ. ఎర్ర అంచు మీద నల్ల గళ్లున్న బట్ట అని సార్ ఒకసారి ఫోనులో యాదమ్మకు చెప్పారు. ఆమె అది గుర్తుపెట్టుకుంది. చదువు లేని మనిషికి స్టాంపుల పేర్లు తెలియవు గాని బట్ట తెలుసు. ఏ ఏడు ఫోను చేసినా, "గా ఎర్రంచు బట్ట దొరకలేదన్నా, ఇంక తిరుగుతున్న" అనేది. ఎక్కడో ఒక కౌంటర్లో పాతవి మిగిలి ఉంటాయేమోనని, బజారుకు పోయినప్పుడల్లా వేరే వేరే పోస్టాఫీసుల్లో అడిగేదట. సార్ "దొరకనోటి కోసం ఎందుకే పరేషాన్ అయితవ్" అనేవారు. అని, ఆ ఖాళీ జాగాను వేలితో నిమిరేవారు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది నేను ఎక్కువ రోజులు ఇంటికి దూరంగానే ఉన్నాను. వార్డులో డ్యూటీ, తర్వాత విడిగా ఉండటం, మళ్లీ డ్యూటీ. అలా ఒక సాయంత్రం వీధి గుమ్మం దగ్గరే నిలబడి పలకరిస్తే, వరండాలో సార్ తల ఎత్తలేదు. సుగుణమ్మ దూరం నుంచే చెప్పింది. యాదమ్మకు జ్వరం పట్టుకుంది, ఊపిరి అందలేదు, పోయింది. మేనల్లుడు ఫోనులో చూపించాడట. తెల్లటి సంచిలో చుట్టిన మనిషిని చూపించి ఇదే అమ్మ అన్నాడట. రైళ్లు లేవు, వెళ్లే దారి లేదు. వెళ్లినా దగ్గరికి పోనివ్వరని నాకు తెలుసు. ఆ రోజుల్లో అలాంటి సంచులు కట్టిన చేతులు నావి. అయినా సార్ నన్ను ఒక్కటే అడిగారు. "మొఖం గూడ సూపెట్టరా బిడ్డా?" 

ఆ తర్వాత కొన్నాళ్లకు, రాఖీ పున్నమి ముందు, పోస్ట్‌మన్ మాస్కు కట్టుకుని వచ్చి, "సార్, చెల్లె కవరు ఒచ్చింది" అని సంతోషంగా చెప్పి గోడ మీద పెట్టి వెళ్లాడు. బండ్లు సరిగా నడవడం లేదని యాదమ్మ ఈసారి చాలా ముందే పోస్టు చేసింది. కవరు దారిలో తిరిగి తిరిగి ఆమె పోయాక చేరింది. పైన ఒకే ఒక్క స్టాంపు. ఎర్ర అంచు, నల్ల గళ్లు. కాస్త వంకరగా ఉంది, నాలుగు వైపులా ఎండిన గంజి మెరుస్తోంది. గుండ్రటి తేదీ ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద స్పష్టంగా పడింది. అంత చక్కటి ముద్ర మేం అన్నేళ్లలో చూసింది తక్కువ. సార్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. సుగుణమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. దొరికిందని యాదమ్మ ఫోనులో చెప్పకుండా దాచిపెట్టిందంటే, అన్న కవరు చూసి కేక వేస్తాడని, అది వినాలని అనుకుని ఉంటుంది.

పున్నమి నాడు నేను స్నానం చేసి, మాస్కు కట్టుకుని వెళ్లి, రాఖీ కట్టనా సార్ అని అడిగాను. "వద్దు" అన్నారు. "తెరిస్తే ఐపోతది బిడ్డా. ఇంకోటి రాదు." కవరు తెరవకుండానే ఆల్బంలో తెల్ల కాగితాల మధ్య పెట్టుకున్నారు.

అప్పటి నుంచి ఆదివారాలు ఆ ఒక్క కవరు చుట్టూనే తిరిగాయి. సుగుణమ్మది ఒకటే మాట. "ఎన్నేండ్లు తిరిగి దొరకవట్టింది పిచ్చిది. నీ పుస్తకంల జాగా నిండాలెనని పంపింది. తీసి పెట్టకపోతే ఆమె తిరుగుడంతా మన్నుల వోసినట్టే గదా" అనేది. నేను ఒప్పుకునేదాన్ని కాదు. ముద్ర ఇంత బాగుంటే ముట్టుకోవద్దని మీరే నేర్పారు కదా అని సార్‌తోనే పోట్లాడేదాన్ని. ఆయన ఇద్దరి మాటా వినేవారు. ఒకరోజు నాతో అన్నారు: "అడ్రసు రాసింది ఎవరి పిల్లగాడో. లోపల చిట్టీ లేదు. ఆమె చేత్తోటి చేసింది గా అంటించుడొక్కటే. నేను తీసిననుకో, గదే పోతది. తియ్యకుంటే ఆమె పంపింది తీసుకోనట్టే."  రెండు మూడుసార్లు తాంబాళంలో నీళ్లు పోసుకుని కూర్చున్నారు. నీళ్లు చల్లారిపోయాక లేచి చెట్లకు పోశారు.

తేల్చింది ఆ గంజే. ఆ ఏడు వానలు వదలకుండా పడ్డాయి. ఆల్బంలో వేపాకు పెట్టారు, ఎండ కాసిన రోజు ఆరబెట్టారు. అయినా దసరా దాటాక ఒక ఆదివారం కవరు తీస్తే స్టాంపు అంచు కింద సూదిమొన అంత రంధ్రాలు కనిపించాయి. ఒక తెల్లటి సన్న పురుగు జరజరా పాకి పోయింది. సార్ మొహం పాలిపోయింది. నేను అప్పటికీ వద్దనే అన్నాను, ప్లాస్టిక్ కవర్లో పెడదామన్నాను. లోపల చెమ్మ పడితే మరీ పాడవుతుందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. "ఇట్లనే ఉంచితే రెండూ పోతయి. ఆమె పంపింది పురుగులకు గాదు" అన్నారు. "నువ్వు తియ్యి సునీతా. నాతోని గాదు."

స్టాంపు చుట్టూ కవరును కత్తిరించడానికి ఎవరికీ మనసు రాలేదు. ముందు రాఖీ తడవకుండా బయటికి తీయాలి కాబట్టి సార్ పై అంచును చాకుతో మెల్లగా కోశారు. రాఖీ, కుంకుమ పొట్లం, అక్షింతలు, పటికబెల్లం. వాటిని ఒక పళ్లెంలో పెట్టారు. నేను పుండు కట్టు తడిపినట్టే గాజుగుడ్డ మడత గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, ఒక్క స్టాంపు మీదే పడేలా వేశాను. మళ్లీ మళ్లీ తడుపుతూ కూర్చున్నాను.  గంజి చాలా గట్టిగా పట్టింది, యాదమ్మ చెప్పినట్టే. మధ్యాహ్నం దాటాక ఒక మూల లేచింది. స్టాంపు నా వేళ్ల మీదికి వచ్చేసింది. వెనక ఇంకా మందంగా గంజి ఉంది. అది పోవడానికి తాంబాళం నీళ్ల మీద వదిలాను. నీళ్లలోకి తెల్లటి తీగలు దిగి, కాసేపటికి తాంబాళమంతా పలచటి తెలుపు పరచుకుంది.

స్టాంపు ఆరింది. సార్ దాన్ని పట్టకారుతో పట్టి నాలుగో జాగాలో దూర్చారు. పేజీ నిండింది. ఆయన ఒక్కసారి చూసి ఆల్బం మూశారు. నేను అలవాటుగా తాంబాళం ఎత్తి చెట్ల వైపు నడిచాను. "పారబొయ్యకు" అన్న గొంతు వెనక నుంచి వినబడింది. వెనక్కి తిరిగి చూస్తే సార్ ఏడుస్తున్నారు. ఆ మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. "ఆమె చెయ్యి గా నీళ్లల్ల ఉన్నది బిడ్డా" అన్నారు. నేను తాంబాళం కింద పెట్టేశాను. ఆయన చేయి చాపి, "ఇగ కట్టు" అన్నారు. రాఖీ కట్టాను. నెలల తర్వాత కట్టిన రాఖీ. ఫోను చేసి అడిగేవాళ్లు లేరు కాబట్టి నేనే చెప్పాను, గట్టిగ కట్టిన సార్ అని. తాంబాళం వారం రోజులు వరండాలోనే ఉంది. నీళ్లు వాటంతట అవి ఎండిపోయాయి. అడుగున మిగిలిన తెల్లటి పొరను సుగుణమ్మ కడగలేదు, వేరే తాంబాళం కొనుక్కుంది.

సార్ ఆ తర్వాత స్టాంపులు నానబెట్టలేదు. ఆఫీసు కవర్లు నేను తెచ్చి పెట్టేదాన్ని, "ఉండనీ" అనేవారు. మరుసటి ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదు. సుగుణమ్మ కేక విని నేనే నాడి చూశాను, నేనే లేదని చెప్పాను. చేతికి ఆ రాఖీ దారం రంగు వెలిసి ఇంకా ఉంది. చాలామంది నాడి పట్టి చూసిన చేతులు నావి. ఆ రోజు మాత్రం నా వేళ్లు నాకే అబద్ధం చెబుతున్నాయని కాసేపు అనుకున్నాను.

దినాలు అయిపోయాక సుగుణమ్మ నన్ను పిలిచి ఆల్బం ముందు పెట్టింది. నాలుగో స్టాంపును తనే సందులోంచి బయటికి తీసి, పక్కన ఖాళీ కవరు పెట్టింది. స్టాంపు ఉన్నచోట కాగితం కొత్తగా, తెల్లగా ఉంది. ముద్ర అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఒక చిన్న గిన్నెలో గంజి తెచ్చి ఉంచింది. "ఆయన ఉన్నన్ని దినాలు ఆయన పుస్తకంల ఉన్నది. ఇగ మా ఆడిబిడ్డ కవరుకు పోనీ. నువ్వు అంటించు" అంది. నేను వేలు గంజిలో ముంచాను. స్టాంపు వెనక్కి తిప్పి పట్టుకున్నాను. ముందుకు చేయి రాలేదు.

"పెద్దమ్మా, నేను అంటిస్తే ఇది నేను అంటించినట్టే ఉంటది" అన్నాను.

ఆమె నా వేలి వైపు చూసింది. "గది నిజమే బిడ్డా" అని, తన కొంగుతో నా వేలు తుడిచింది. "రెండూ నువ్వే తీస్కపో. నా కండ్ల ముంగట ఉంటే మల్ల అంటించబుద్ధయితది." అలా అవి నా దగ్గరికి వచ్చాయి. బదిలీ అయి ఇక్కడికి వచ్చినప్పుడు బట్టల పెట్టెలో కాకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఆసుపత్రిలో ఇప్పుడు కూడా తల్లి పోయినవాళ్లు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు, సిస్టర్, అమ్మ చేతి గాజులు తియ్యాలా, ఉంచాలా అని. తొందరపెట్టను. కుర్చీ లాగి కూర్చోబెట్టి, తీస్తే ఎందుకో, ఉంచితే ఎందుకో మాట్లాడనిస్తాను. ఏది సరైనదో నాకు తెలుసని వాళ్లు అనుకుంటారు. నాకు తెలియదు. సార్ ఆ రోజు చేసింది సరైనదేనా అన్నది కూడా నేను ఇప్పటిదాకా తేల్చుకోలేదు. ఆ మనిషి ఉంటే పోట్లాడి అయినా తేల్చుకునేదాన్ని, ఆయన లేరన్న బాధ అప్పుడే ఎక్కువగా తెలుస్తుంది.

రాఖీ పున్నమి నాడు డ్యూటీ నుంచి వచ్చి, ఫ్యాన్ ఆపి, కవరును బల్ల మీద పరుస్తాను. స్టాంపును ఆ తెల్లటి జాగా మీద వంకరగా, యాదమ్మ పెట్టినట్టే పెడతాను. రెండు సగాలూ కలిసి ముద్ర గుండ్రంగా అవుతుంది, భివండి పేరు పూర్తిగా కనబడుతుంది. కింద పట్టి ఉంచేది ఏమీ లేదు. గట్టిగా ఊపిరి వదిలితే స్టాంపు కదిలిపోతుంది. అందుకే ఊపిరి బిగబట్టి, ఓపినంతసేపు చూసి, మళ్లీ రెండింటినీ వేరు చేసి దాస్తాను.